చీకటి మందిరములో దీపము నిలుచు చోటు

పాత పెండ్లి ఛాయాచిత్రము లేని తెలుగు యిల్లు అరుదు. ముహూర్తము తరచుగా రాత్రివేళ. పందిరిలో పెట్రోమాక్సు దీపములు; వాని నడుమ ఫోటోగ్రాఫరు. ఆ చిత్రమును పెట్టెలోనుండి తీసి చూచినచో వధువు ముఖము సున్నము పూసిన గోడవలె తెల్లగా, లోతులేక కనబడును. ఆమె వెనుక తెరమీద కాటుకవంటి నీడ యొకటి అంటుకొని యుండును. రెండవ వరుసలోని మేనమామ సగము చీకటిలో మునిగియుండును. మూడవ వరుసలోని ముత్తయిదువలు పూర్తిగా చీకటిలో కలిసిపోయి యుందురు. పెండ్లికి వచ్చినవారు వందలమంది. చిత్రమునకు దక్కినవారు నలుగురు. దీపము క్రిందనే చీకటి యను సామెత ఇట్టి చిత్రములకు సరిగా అతుకును.

దీనికి ఫోటోగ్రాఫరు చేతకానితనము కారణము కాదు. వాని ఫ్లాషు దీపము కెమేరాకు అంటుకొని యుండుటయే కారణము. ఆ దీపమును కెమేరానుండి విడదీసి, ప్రక్కగా, ఎత్తుగా, దూరముగా నిలిపినచో అదే పందిరి, అదే ముహూర్తము వేరొక తీరున కనబడును. చూచుటకు ఇది వృత్తిలోని చిన్న మెలకువ. కాని దాని వెనుక నూట అరువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. మొదట దీపము కెమేరాకు దూరముగా నుండెను. తరువాత కెమేరామీదికి ఎక్కెను. మరల దిగి దూరముగా నడచెను. అది చోటు మారినప్పుడెల్ల రెండు ప్రశ్నలు లేచినవి. చీకటిలోని వారిలో ఎవరు లోకమునకు కనబడవలెను? ఎవరి యనుమతితో కనబడవలెను?

భూగర్భమున తొలి వెలుగు

ఛాయాగ్రహణ విద్య 1839లో లోకమునకు వెల్లడి యయ్యెను. తొలి యిరువది యేండ్లు దానికి సూర్యుడే దిక్కు. స్టూడియోలకు అద్దపు కప్పులు వేసిరి. మబ్బు పట్టిన నాడు పని నిలిచిపోయెడిది. రాత్రి సభలు, ఇండ్ల లోపలి గదులు, గనులు, నేలమాళిగలు కెమేరాకు అందని లోకములై యుండెను.

ఆ హద్దును దాటినవారిలో ప్రముఖుడు పారిసు నగరవాసి, నాదార్ అను పేర ప్రసిద్ధుడైన గాస్పార్ ఫెలిక్స్ తూర్నషాన్ (1820–1910). ఆయన 1861లో కృత్రిమ దీపముతో ఛాయాచిత్రములు తీయు పద్ధతికి పేటెంటు పొంది, పారిసు నేలక్రింది అస్థిశాలలలో ప్రవేశించెను. పాత శ్మశానములనుండి తరలింపబడిన సుమారు 60 లక్షలమంది యెముకలు ఆ సొరంగములలో గోడలవలె పేర్చబడి యున్నవి. నాదార్ బున్సెన్ బ్యాటరీల విద్యుత్తుతో బొగ్గుకడ్డీల నడుమ జ్వాలను పుట్టించి, ఆ వెలుగున చిత్రములు తీసెను. బ్యాటరీలను దింప వీలుకాని చోట్ల వానిని పైన వీథిలోనే యుంచి, తీగలను మాత్రము లోపలికి దింపిరి.

ఒక్కొక్క చిత్రమునకు 18 నిమిషముల వరకు పట్టెడిది. అంతసేపు మనుష్యుడు కదలక నిలువలేడు. అందుచేత నాదార్ పనివాని దుస్తులు తొడిగిన బొమ్మను అచ్చట నిలిపి చిత్రము తీసెను. యెముకల గుట్టలకు లోతు వచ్చెను. ఏలయన దీపము కెమేరాకు దూరముగా నుండి ప్రక్కనుండి వెలిగెను. మనిషికి మాత్రము చోటు దొరకలేదు. చీకటిలో బ్రదుకు మనిషి చిత్రమున కెక్కవలెనన్న రెప్పపాటులో వెలిగి ఆరిపోవు దీపము కావలసి యుండెను.

తీగనుండి పొడికి

ఆ దీపమునకు మెగ్నీషియమను లోహము దారి చూపెను. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున 1864లో మెగ్నీషియపు తీగను వెలిగించి మనుష్యుల చిత్రములు తీసిరి. మరుసటి యేడు, అనగా 1865లో, స్కాట్లండు రాజ జ్యోతిష్కుడు చార్లెస్ పియాజ్జీ స్మిత్ ఈజిప్టులోని మహా పిరమిడ్డు లోపల ఆ వెలుగుతోనే చిత్రములు తీసెను. మెగ్నీషియము మండినప్పుడు కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని వెలుగుతోపాటు దట్టమైన తెల్లని పొగయు వచ్చును. గాలి ఆడని గదిలో ఒక చిత్రము తీసిన పిమ్మట పొగ తగ్గువరకు వేచియుండుట తప్పనిసరి.

అసలు మార్పు 1887లో వచ్చెను. జర్మనీ దేశమున అడాల్ఫ్ మీథె, యోహన్నెస్ గేడికె యను నిరువురు మెగ్నీషియపు పొడిని పొటాసియము క్లోరేటుతోను, ఆంటిమనీ సల్ఫైడుతోను కలిపి మెఱుపు పొడిని తయారుచేసిరి. నిప్పు తగిలినంతనే అది భగ్గున మండి క్షణములో ఆరిపోవును. దానిని వాడు తీరు ఇట్లుండెడిది: కెమేరాను ముక్కాలిపీటపై నిలుపుదురు, చీకటిలో కటకము మూత తీయుదురు, పొడి పోసిన రేకుపళ్లెమును ఒక చేత ఎత్తి పట్టి మండింతురు, వెంటనే మూత వేయుదురు. పళ్లెమును కెమేరాకు దగ్గరగా పట్టుటకు ఎవరును సాహసింపరు. అది బాణసంచాకు తోబుట్టువు. భయమువలననే దీపము కెమేరాకు దూరముగా నుండెను.

న్యూయార్కు మురికి వాడలలో

ఈ పొడి విషయము వార్తాపత్రికలో చదివి ఉలిక్కిపడినవారిలో న్యూయార్కు నగరపు నేరవార్తల విలేఖరి జేకబ్ రీస్ ఒకడు. 1849లో డెన్మార్కులో పుట్టి, 1870లో అమెరికా చేరి, పని దొరకక పోలీసు ఠాణాల ఉచిత వసతి గదులలో తల దాచుకొనిన వాడాతడు. విలేఖరియైన పిమ్మట రాత్రులందు మురికి వాడలలో తిరిగి, కిటికీలు లేని గదులలో పదిమంది, పదునైదుమంది కిక్కిరిసి నిదురించుట చూచెను. వ్రాసినను ఎవరును నమ్మలేదు, నమ్మినను కదలలేదు. చూపినగాని లాభము లేదని వానికి తోచెను.

ఆరోగ్యశాఖకు చెందిన యొక వైద్యుడు, ఛాయాగ్రహణము అభిరుచిగా గల మరి యిద్దరు మిత్రులు తోడుగా రీస్ అర్ధరాత్రివేళ ఆ గదులలో దూరెను. మొదట పిస్తోలువంటి సాధనముతో మెఱుపు పొడి గుళికలను పేల్చిరి. తుపాకులను చూచినట్లు జనము బెదరిరి. తరువాత రీస్ వంటింటి పెనములో పొడిపోసి మండించుట నేర్చెను. ఒకసారి అంధులైన బిచ్చగాండ్రు నివసించు గదిలో చిత్రము తీయుచుండగా గోడకు అంటించిన కాగితములకు నిప్పంటుకొనెను. ఆతడే కష్టపడి దానిని ఆర్పెను. ఒక రాత్రికి 5 సెంట్లు చెల్లించి నేలమీద, అరుగులమీద ఒరిగి పడుకొనిన కూలివాండ్ర చిత్రములో, నిదురనుండి అప్పుడే లేచిన కన్నులు వెలుగునకు ముడుచుకొని యుండుట నేటికిని కానవచ్చును.

1890లో ఆ చిత్రములతో రీస్ వెలువరించిన గ్రంథము నగర చరిత్రను మలుపు త్రిప్పెను. దానిని చదివిన థియోడర్ రూజ్వెల్టు తనవలన కాగల సహాయము చేయుటకు రీసును వెదకికొని వచ్చెను. ఆతడు 1895 మొదలు 1897 వరకు న్యూయార్కు పోలీసు మండలికి అధ్యక్షుడుగా నుండగా, 1896లో పోలీసు ఠాణాల దుర్భరమైన వసతి గదులు మూతపడెను. మల్బెరీ బెండు అను పేరుమోసిన మురికివాడను కూల్చివేసి, ఆ చోట 1897లో ఉద్యానవనమును తెరచిరి. చిటికెడు మెఱుపు పొడికి ఇంతటి బలము కలదా యని ఆశ్చర్యము కలుగును.

కాని త్రాసులో రెండవ తట్టయు కలదు. ఆ గదులలోనివారిని లేపి అడిగినవారు లేరు. తలుపు త్రోసిరి, మెఱిపించిరి, వెడలిపోయిరి. నిదురలో, నిస్సహాయతలో తమ రూపము లోకమున కెట్లు చూపబడెనో వారిలో పలువురికి ఎన్నడును తెలియకపోయి యుండును. మేలు జరిగెను, మర్యాద జరుగలేదు. చీకటిలోనికి దీపమును తీసికొనిపోవు ప్రతివానికిని ఈ లెక్క తేలవలసినదే.

హైదరాబాదు అంతఃపురముల దారి వేరు

అదే దశాబ్దమున హైదరాబాదు రాజ్యములో ఇట్టి చిక్కునకు వేరొక జవాబు దొరకెను. 1844లో మీరట్టు సమీపముననున్న సర్ధానాలో జన్మించిన లాలా దీనదయాళు 1886లో సికింద్రాబాదున స్టూడియో స్థాపించి, ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై పేరొందెను. ఘోషా పాటించు కులీన స్త్రీల చిత్రములు తీయుట ఆనాటి ఛాయాగ్రాహకునకు అసాధ్యము. వారి మందిరములలోనికి పరపురుషుడు కెమేరాతో పోలేడు.

దీనదయాళు 1892లో హైదరాబాదున స్త్రీలకొరకే ప్రత్యేకముగా జెనానా స్టూడియోను తెరచెను. చుట్టును ఎత్తైన గోడలు కట్టించి, కెన్నీ లెవిక్ అను ఆంగ్ల మహిళను దానికి అధికారిణిగా నియమించెను. రీస్ చీకటి గదిలోనికి వెలుగును బలవంతముగా చొప్పించగా, ఇచ్చట గదిలోనివారే తమ యిష్టమున వెలుగు ఉన్న చోటికి నడచి వచ్చిరి. రెండింటి పరిస్థితులు వేరు, ప్రయోజనములు వేరు. ఒకచోట దరిద్రము, రెండవచోట ఐశ్వర్యము. అయినను, చిత్రములోని మనిషి సమ్మతి యెంత విలువైనదో ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచినప్పుడు తేటపడును.

దీపము కెమేరామీది కెక్కుట

మెఱుపు పొడి నలువది యేండ్లు రాజ్యమేలెను. విందులలో, సభలలో ఒక్క చిత్రము తీయగానే మందిరమంతయు పొగతో నిండెడిది. అతిథుల బట్టలపై బూడిద రాలెడిది. చేతులు కాలినవారు, కన్నులు పోగొట్టుకొనినవారు కలరు.

1929లో జర్మనీలో ఫ్లాషు బల్బు వెలువడెను. గాజు బుడ్డిలో అల్యూమినియపు పలుచని రేకును ప్రాణవాయువుతోపాటు బంధించిరి; కొద్దిపాటి విద్యుత్తు సోకగానే అది లోలోపలనే మండి ఆరిపోవును. పొగ లేదు, చప్పుడు లేదు, నిప్పు భయము లేదు. 1930 నాటికి ఇంగ్లండు, అమెరికాలందు కూడ ఇట్టి బల్బులు అమ్మకమునకు వచ్చెను. బల్బు వెలుగుటయు, కెమేరా కన్ను తెరచుటయు ఒక్కసారిగా జరుగునట్లు కూర్చు యంత్రములును త్వరలోనే వచ్చెను. గిన్నెవంటి తళతళలాడు రేకుతో కూడిన ఫ్లాషు గన్ను కెమేరా ప్రక్కన బిగింపబడెను. స్పీడు గ్రాఫిక్ అను పెద్ద కెమేరాను, దాని ప్రక్కన గుండ్రని రేకుగిన్నెను ధరించిన పత్రికా ఛాయాగ్రాహకుని రూపము 1930 మొదలు 1960 వరకు లోకమంతట పరిచితమయ్యెను.

వేగము వచ్చెను, వెల చెల్లింపక తప్పలేదు. చూచువాని కంటి ప్రక్కనుండియే వెలుగు పోవుటచేత ముఖముల యెత్తుపల్లములు మాసిపోయెను. ముందున్నవాడు పాలరాతి బొమ్మయయ్యెను, వెనుకనున్నవాడు మాయమయ్యెను. పాత పెండ్లి చిత్రములలోని సున్నపు ముఖములు ఈ కాలపు వారసత్వమే. అనుభవజ్ఞులు గన్నును విప్పి, తీగ పొడవున్నంత వరకు ఎడమచేత ఎత్తిపట్టి, ఆ దోషమును కొంత తప్పించుకొనిరి. అందరికిని ఆ తీరిక దొరకలేదు.

మూడు బల్బులు, ఒక మసక చిత్రము

భారత స్వాతంత్ర్య చరిత్రలో ఫ్లాషు ప్రసక్తి మహాత్ముని చుట్టును తిరుగును. గాంధీజీకి కన్నులలో కొట్టు ఆ మెఱుపు సరిపడెడిది కాదు. సేవాగ్రామమున తనకు సన్నిహితముగా నుండి చిత్రములు తీయ గోరిన మనుమని వరుసవాడైన కనూ గాంధీకి (1917–1986) ఆయన మూడు నియమములు పెట్టెను: ఫ్లాషు వాడరాదు, తనను ఫలానావిధముగా కూర్చుండు మనరాదు, ఈ పనికి ఆశ్రమము ధనమీయదు. కనూ గాంధీ ఆ నియమములకు లోబడి, గుడిసెలోని మసక వెలుతురులోనే బాపూజీ చివరి పదేండ్ల జీవితమును చిత్రములలో భద్రపరచెను.

1946లో లైఫ్ పత్రిక ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బర్క్‌వైట్ రాట్నముకడ గాంధీజీని చిత్రింప వచ్చెను. మొదట రాట్నము త్రిప్పుట నేర్చికొని రమ్మని ఆయన కార్యదర్శి ఆమెను ఆదేశించెను. ఆమె నేర్చికొనెను. మూడు బల్బులకు మాత్రమే అనుమతి దొరకెను. మొదటి రెండును యంత్రదోషమువలనను, తొందరపాటువలనను వ్యర్థమయ్యెను, మూడవది ఫలించెను. వెనుక కిటికీ, ముందు రాట్నము, కాగితములపై దృష్టి నిలిపిన వృద్ధుడు గల ఆ చిత్రము నేడు లోకప్రసిద్ధము. కిటికీనుండి వచ్చు వెలుగే దానికి ప్రాణము.

1948 జనవరి 30వ తేదీ సాయంకాలము బిర్లా భవనములో గాంధీజీ నేలకొరిగెను. భౌతికకాయము చుట్టును ఆప్తులు కూర్చున్న గదిలోనికి బర్క్‌వైట్ కెమేరాతో ప్రవేశించి ఫ్లాషు వెలిగించెను. దుఃఖములో మునిగియున్నవారికి ఆ మెఱుపు కత్తిపోటువలె తగిలెను. వారు కోపించి ఆమె కెమేరాలోని ఫిల్మును తీయించి ఆమెను వెలుపలికి పంపివేసిరి. మూడు బల్బులకొరకు రాట్నము నేర్చిన యామెయే, అడుగక వెలిగించిన ఒక్క బల్బువలన ఆ గదిని పోగొట్టుకొనెను.

అదే సాయంకాలము ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్తియే బ్రెసన్ అదే భవనపు ద్వారముకడ ఉండెను. ఆయన చేతిలో చిన్న లైకా కెమేరా, ఫ్లాషు లేదు. నెహ్రూ ద్వారముపై కెక్కి బాపూజీ మరణవార్తను జనమునకు తెలుపుచుండగా, దీపస్తంభపు వెలుతురులో ఆయన తీసిన చిత్రము మసకగా, కొంచెము చెదరియున్నది. ఆ చెదరుపాటులోనే ఆనాటి కలత కనబడును. 1952లో వెలువడిన తన గ్రంథములో ఆయన, వెలుతురు చాలనిచోట సైతము దానిపై గౌరవముతో ఫ్లాషును వర్జింపవలెనని తన మతమును తెలిపెను.

రాజధానిలో ఉద్యోగించిన కుటుంబములు మరువరాని పేరు హోమాయి వ్యారావాలా. 1913లో గుజరాతులోని నవసారిలో పుట్టి, బొంబాయి జె. జె. కళాశాలలో చదివి, 1942లో ఢిల్లీకి వచ్చి బ్రిటిషు సమాచార శాఖలో పనిచేసెను. చీర కట్టుకొని, బరువైన సామగ్రితో సైకిలుపై నగరమంతయు తిరిగెడిది. 1947 జూనులో దేశవిభజన ప్రణాళికపై కాంగ్రెసు నాయకులు చేతులెత్తి సమ్మతి తెలిపిన సభను ఆమె చిత్రించెను. ఒక గదిలో ఎత్తిన చేతులు కోట్లమంది తలవ్రాతను మార్చెను. ఆ గది లోపలి దృశ్యము నేటివారికి దక్కుటకు ఆమె అచ్చట నుండుటయే కారణము. క్రొత్త తరపు ఛాయాగ్రాహకుల మర్యాద లేని ప్రవర్తన నచ్చక 1970లో ఆమె వృత్తి నుండి విరమించెను. 2011లో పద్మవిభూషణ బిరుదమందుకొని, 2012 జనవరి 15న కన్నుమూసెను.

గుగ్గిలపు మెఱుపు

దీపమును ప్రక్కగా నిలుపు విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. కూచిపూడి భాగవతులు రాత్రివేళ ఆరుబయట ప్రదర్శన మిచ్చునప్పుడు దివిటీలవారు రంగమునకు ఇరుప్రక్కల నిలిచెడివారు. ముఖ్యపాత్ర ప్రవేశించు సమయమున దివిటీపై గుగ్గిలపు పొడి చల్లగా మంట భగ్గున లేచి, పాత్ర రూపము, ఆభరణములు ఒక్కసారి మెఱసెడివి. దివిటీ చూచువాని కన్నులకు అడ్డు రాలేదు. నటుని కన్నులలో గ్రుచ్చుకొనలేదు. ప్రక్కనుండి పడిన వెలుగువలన ముఖములో భావము, చేతిలో ముద్ర విడివిడిగా తెలిసెను. ఛాయాగ్రాహకులు పలు ప్రయోగముల పిమ్మట చేరుకొనిన సూత్రమే ఆ దివిటీలవాని నిలుకడలో ఇమిడియున్నది.

మరల దూరమునకు

అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున హెరాల్డు ఎడ్జర్టన్ 1930 ప్రాంతమున ఎలక్ట్రానిక్ ఫ్లాషును వికసింపజేసెను. వాయువు నింపిన గాజుగొట్టములో విద్యుత్తును ఒక్కసారిగా విడిచినచో సెకనులో వేయవవంతు కన్న తక్కువ కాలము వెలిగి ఆరును. ఒకే గొట్టము వేలసార్లు పనిచేయును; ప్రతి చిత్రమునకు ఒక బల్బు పారవేయ పనిలేదు. రానురాను అది చిన్నదై అరచేత ఇమిడెను. కెమేరానుండి దీపమునకు తొలుత తీగ పోయెను. తరువాత ఒక దీపము వెలుగును చూచి మరియొక దీపము తానే వెలుగునట్టి కాంతిగ్రాహక కన్ను వచ్చెను. అటుపిమ్మట రేడియో తరంగములు వచ్చి తీగ అవసరమును తీసివేసెను. దీపము కెమేరా మీదినుండి దిగి, మందిరములో ఏ మూలకైనను నడచిపోవుటకు స్వేచ్ఛ పొందెను.

అందువలని లాభమును ఒక లెక్కలో చూపవచ్చును. దూరము రెట్టింపైనచో వెలుగు నాల్గవవంతగునని భౌతికశాస్త్రము చెప్పును. సభలో మొదటి వరుస కెమేరాకు 6 అడుగుల దూరమున, చివరి వరుస 24 అడుగుల దూరమున ఉన్నవనుకొందము. కెమేరామీది దీపమునుండి చివరి వరుసకు చేరునది మొదటి వరుసకు చేరిన వెలుగులో 16వ వంతు మాత్రమే. అదే దీపమును మొదటి వరుసకు తిన్నగా, 20 అడుగుల ప్రక్కగా, ఎత్తైన కఱ్ఱపై నిలిపినచో చివరి వరుసకు దూరము సుమారు 27 అడుగులే. అప్పుడు చివరివారికి సగమునకు పైగా వెలుగు దక్కును. అవతలి ప్రక్కన రెండవ దీపమును నిలిపినచో ముఖములు రెండు వైపులను తెలిసివచ్చును. యంత్రము మారలేదు, ఖర్చు పెరిగినది కొంచెమే. చోటు మారుటతో చివరి వరుస వెలుగులోనికి వచ్చెను.

మిగిలిన మెలకువలును ఈ సూత్రమునకు అనుబంధములే. దీపమును తిన్నగా కొట్టక తెల్లని కప్పువైపు గాని, తెల్లని గొడుగులోనికి గాని త్రిప్పినచో వెలుగు విశాలమై నీడలు మెత్తబడును. కన్నులకు మిరుమిట్లును తగ్గును. కప్పు మరీ ఎత్తైనదైనను, రంగు వేసినదైనను ఆ ఉపాయము పారదు. కెమేరా కన్ను సెకనులో 30వ వంతు తెరచియుంచినచో మందిరములోని దీపతోరణములు కూడ చిత్రమున కెక్కును. ఫ్లాషు తన పని అంతలోనే ముగించికొనును. పసుపుపచ్చని బల్బుల వెలుగులో ఫ్లాషు నీలిగా కొట్టకుండుటకు దానిపై నారింజరంగు పలుచని కాగితము తొడుగుదురు. నేటి కెమేరాలు కొద్ది వెలుతురును కూడ పట్టుకొనగలవు గనుక దీపమును చాల మందముగా వెలిగించినను చాలును. కనూ గాంధీకి పెట్టబడిన నియమమునకు, పెండ్లిపందిరి అవసరమునకు నడుమ సంధి కుదురుటకు ఇప్పుడు దారి యేర్పడినది.

చివరి వరుస

ఇంత చరిత్రను చదివినవారు నేడొక సభామందిరములో ప్రవేశించినచో చూపు వేరుగా నుండును. ప్రవాసమునందలి తెలుగు కుటుంబములకు ఉగాది సభ, సంక్రాంతి వేడుక, పిల్లల నాట్యప్రదర్శనము సంవత్సరమున కొన్ని గంటల సంగతులే. ఉద్యోగబదిలీలలో స్నేహితులు నలుదిక్కులకు పోవుదురు. ఇరువది యేండ్ల పిమ్మట మిగులునది ఆనాటి ఛాయాచిత్రమే. అందులో ముఖ్య అతిథి, అధ్యక్షుడు, పుష్పమాల తప్పక కనబడుదురు. కుర్చీలు వేయించిన జవాను, వెనుక గదిలో పులిహోర కలిపిన తల్లులు, చివరి వరుసలో నిదురపోవు బిడ్డను భుజముపై వేసికొనిన తండ్రి కనబడుదురా లేదా యనునది దీపము నిలిచిన చోటును బట్టి యుండును.

నాట్యము చేయు పసిబిడ్డ కన్నులలో మెఱుపు కొట్టకుండుట, పూజవేళ, దుఃఖవేళ దీపమును ఆర్పియుంచుట, వెలిగించుటకు ముందు ఒక మాట అడుగుట అనునవి ఏ యంత్రమును నేర్పని పాఠములు. పెనములో పొడి మండించినవాని సాహసము, రాట్నము నేర్చిన యామె ఓర్పు, ద్వారముకడ దీపము లేక నిలిచినవాని నిగ్రహము కలిసి ఆ పాఠములైనవి. కూచిపూడి దివిటీలవాడు రంగమున తన ముఖమును చూపుకొనలేదు. ప్రక్కన నిలిచి ఇతరుల ముఖములను చూపెను. చీకటి మందిరములో దీపము పట్టువాని స్థానము అదియే.